సిల్వరాడో దారిలో చివరి పగలు

నేను 14 సీట్ల వ్యాన్‌ని. కాలిఫోర్నియాలోని నాపా లోయకు 2019లో వచ్చాను. మరుసటి ఏడు సెప్టెంబరు 27న తూర్పు కొండల్లో గ్లాస్ ఫైర్ రాజుకుంది. ఇళ్ళు వదిలి వచ్చిన మనుషుల్ని అప్పుడు నేనూ మోశాను. పొగ పట్టిన కాయతో వైన్ చేస్తే బూడిద రుచి వస్తుంది. అందుకే ఆ ఏడు చాలా తోటల్లో గుత్తులు తీగల మీదే ఎండిపోయాయి. వాటి పక్కనుంచి ఖాళీ సీట్లతో తిరిగిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

మొన్న అక్టోబరులో ఫ్రీమాంట్ నుంచి ఒక తెలుగు బృందం ఎక్కింది. ఐదు జంటలు, ఒకమ్మాయి అత్తామామలు. మొదటి రెండు రోజులూ 29వ నంబరు రోడ్డు మీద గడిచాయి. 1976లో పారిస్‌లో వైన్ల పేర్లు మూసి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే ఈ లోయలోని షాటో మాంటెలీనా షార్డొనేకి, స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ కాబెర్నేకి మొదటి స్థానం ఇచ్చిన కథ విన్నారు, ఫొటోలు దిగారు. మామగారు మాత్రం గ్లాసు ముట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని తీగల్నే చూశాడు.

మూడో రోజు తెల్లవారకముందే ఆయన లేచి బయటికొచ్చాడు. కాలిస్టోగాలో నేను నిలబడ్డ చోటికి ఎదురుగా తోటలో దీపాలు కదులుతున్నాయి. కాయ చల్లగా ఉండాలని కూలీలు తలకు లైట్లు కట్టుకుని రాత్రే కోస్తారు. వంకర కత్తి తాకగానే గుత్తి తొట్టిలో పడే చప్పుడు వింటూ ఆయన తెల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో సిల్వరాడో ట్రెయిల్ మీద నా వెనక టైరులో మేకు దిగింది. అందరూ దిగారు. డ్రైవరు జాకీ వేసి స్టెప్నీ మారుస్తుంటే, పెద్దాయన రోడ్డు పక్కనున్న మొదటి సాలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మట్టికి జానెడు పైన మొదలు ఉబ్బి ఉంది. దాన్ని బొటనవేలితో తడిమాడు.

"గీ ముడి చూడు బిడ్డా, అంటు గట్టిన్రు. మనకాడ కొమ్మ గుచ్చితే చాలు, వేరు పట్టేది."

"మీకూ తోట ఉండేదా మామయ్యా?"

"మేడ్చల్ కాడ నాలుగెకరాలు. అనాబ్-ఎ-షాహీ. పందిరి కింద నిలవడి తెంపేటోళ్ళం. గివేమో నడుముకాడికే ఉన్నయ్. ఇప్పుడు ఆడ అన్నీ ప్లాట్లే."

కోడలు ఏమీ అనలేదు. ఆయన పక్కనే కూర్చుంది.

డ్రైవరు చేతులు తుడుచుకుని వచ్చాడు. అతని తండ్రి ఈ లోయకు మెక్సికో నుంచి ద్రాక్ష కోయడానికే వచ్చాడు. ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తీగల వేళ్ళను తినేస్తుంది. అమెరికా జాతి వేరు దాన్ని తట్టుకుంటుంది. అందుకే ఈ అంటు. ఇదంతా మాటల్లో చెప్పే భాష ఇద్దరికీ లేదు. డ్రైవరు ఒక వేలిని చీలినట్టు పెట్టి, రెండో వేలిని అందులో ఇరికించి చూపించాడు. పెద్దాయన నవ్వి, తన వేళ్ళతో అదే చేసి చూపించాడు. స్టెప్నీ బిగించడం అయిపోయినా నన్ను ఎవరూ కదల్చలేదు. ఆ అరగంట నాకు ఈ లోయలో దొరికిన మంచి అరగంటల్లో ఒకటి.

సాయంత్రం ఫ్రీమాంట్‌లో సామాన్లు దిగాయి. పెద్దాయన అందరికన్నా ఆఖరున దిగి, ఎద్దు మూపు తట్టినట్టు నా తలుపు తట్టాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి తెలుగులోనే అన్నాడు: "పైలంగ పో బిడ్డా."

డ్రైవరు తల ఊపాడు.