మే నెల ఇంజినీరు

మే నెల వచ్చిందంటే మంచిర్యాల నుంచి జైపూర్ వైపు పోయే ఆటోల్లో ఒక కొత్త శాల్తీ దర్శనమిస్తుంది. మడత నలగని చొక్కా, కరిచే కొత్త బూట్లు, మెడలో కాలేజీ ఐడీ కార్డు, ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ప్రిన్సిపల్ సంతకంతో ‘టు హూమ్‌సోఎవర్’ ఉత్తరం. ఈయనే వేసవి ఇంటర్న్. ఆడపిల్లలూ ఉంటారు, వాళ్ల ఫోల్డరు ఇంకాస్త శుభ్రంగా ఉంటుంది, తేడా అంతే. బీటెక్ మూడో ఏడు పరీక్ష రాసిన చెయ్యి ఆరకముందే బయల్దేరిన ఈయన అంశం ‘వాటర్ మేనేజ్‌మెంట్’. ఏరి కోరి ఎంచుకున్నాడనుకునేరు. టర్బైన్‌ను మెకానికల్ వాళ్లు పట్టేశారు, స్విచ్‌యార్డు ట్రిపుల్‌ఈ వాళ్లది, బొగ్గు బాయి మైనింగ్ వాళ్లది. సివిల్ వాళ్లకు మిగిలింది నీళ్లు. ఇన్‌స్టాలో లొకేషన్ ‘జైపూర్’ అని పెట్టగానే మేనత్తలు హవామహల్ ఫొటో పంపమంటారు. ఇది సింగరేణి 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న జైపూర్ అని, ఇక్కడి హవామహల్ కూలింగ్ టవరేనని వాళ్లకు చెప్పేసరికి మొదటి వారం అయిపోతుంది.

మిగతా వారాలు ఎలా గడుస్తాయో చెప్పడానికి ఏ ఒక్క ఆఫీసు పేరూ అక్కర్లేదు; నీళ్ల శాఖలు, కంపెనీలు అన్నిటిలోనూ ఒకటే తంతు. పొద్దున సార్ మీటింగులో ఉంటారు, మధ్యాహ్నం సైట్ మీద ఉంటారు, సాయంత్రం అసలే ఉండరు. ఈలోగా మనవాడు పసుపు హెల్మెట్ అరువు తెచ్చుకుని పంపుహౌస్ ముందు ఫొటో దిగుతాడు. ఆ హెల్మెట్ ఆ సీజన్‌లో అదే గోడ ముందు ఎన్ని తలలు మారిందో దానికే తెలియాలి. మూడో వారంలో ఓ సీనియర్ కరుణించి పాత రిపోర్టు పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తాడు. అందులో పేరు, హాల్‌టికెట్ నంబరు, సంవత్సరం మారతాయి. గోదావరి నీళ్ల పీహెచ్ మాత్రం మారదు. వానలు ముంచెత్తినా, నది ఎండినా, 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినా ఆ రిపోర్టుల వంశంలో పీహెచ్ 7.4 దగ్గర నిశ్చలంగా ఉంటుంది. ఈయన సొంతంగా రాసేది కృతజ్ఞతల పేజీ ఒక్కటే. అందులో దేవుడు, అమ్మానాన్న, హెచ్ఓడీ, ఎప్పుడూ కనపడని సార్ వరుసగా వస్తారు. పంపు మజ్దూర్ పేరు ఉండదు. నీళ్ల సంగతి ఈయనకు రెండు ముక్కలు చెప్పినవాడు అతనొక్కడే.

నవ్వుకోవడానికి ఇంత సరుకు ఉంది కదా అని నవ్వంతా కుర్రవాడి మీదే ఖర్చు పెట్టడం న్యాయం కాదు. నీళ్ల లెక్క తీయడానికి ఏడాదిలో అన్నిటికంటే విలువైన నెలలో అతను వస్తున్నాడు. కేంద్ర భూగర్భజల మండలి బావుల నీటిమట్టం ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది. వానలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో తీసే కొలత అందులో ఒకటి. నవంబరు కొలతను దానితో పోల్చితేనే వాన నేలకు ఎంత ఇచ్చిందో తేలుతుంది. గోదావరి సన్నబడేదీ, ఎల్లంపల్లి జలాశయం మట్టం మీద అందరి కళ్లూ పడేదీ ఈ మే నెలలోనే. ఇక్కడ నీళ్ల గిరాకీ కూడా చిన్నది కాదు. 2015 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం జైపూర్ కేంద్రం లాంటి ప్లాంటు యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి నీళ్లు వాడకూడదు. 1200 మెగావాట్లూ పూర్తి లోడులో నడిస్తే ఆ పరిమితి గంటకు 42 లక్షల లీటర్లు. మరోపక్క బాయిల్లో రాత్రింబవళ్లు నీళ్లు తోడి పైకి పోస్తేనే బొగ్గు బయటికి వస్తుంది. ఒకచోట వెతికి తెచ్చుకునే నీళ్లు, పక్కనే వదిలించుకునే నీళ్లు: నీళ్ల చదువుకు ఇంతకంటే మంచి బడి ఎక్కడుంది? అలాంటి చోట చేతులు ఖాళీగా ఉన్న పిల్లలకు మనం అప్పగిస్తున్న పని జిరాక్స్.

జిరాక్స్ బదులు నీళ్లు కొలిచే పని ఇవ్వమంటే, కొలత ఇంజినీర్ల పని, పిల్లకాయల వల్ల ఏమవుతుందనేది మొదటి అభ్యంతరం. బాయి నీళ్లు పారే కాలువకు అడ్డంగా తొంభై డిగ్రీల వీ-నాచ్ (‘వీ’ ఆకారపు గాడి) పలక ఉందనుకుందాం. నాచ్ మొన నుంచి నీటి ఎత్తు 20 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 25 లీటర్లు, రోజుకు 21 లక్షల లీటర్ల పైన పోతున్నట్టు. దీనికి కావలసింది స్కేలు, ఓపిక, క్యాలిక్యులేటరు. స్కేలును ఎత్తు పడిపోయే నాచ్ దగ్గరే పెట్టకుండా కాస్త ఎగువన పెట్టాలని తెలిస్తే చాలు. అయితే 20ని 18గా చదివితే దాదాపు నాలుగో వంతు నీళ్లు కాగితం మీదే మాయమవుతాయి. అందుకే ఇద్దరు చదవాలి, రెండుసార్లు చదవాలి. ఈ క్రమశిక్షణ డిగ్రీతో వచ్చేది కాదని తెలుగు రైతులే రుజువు చేశారు. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) అండతో నడిచిన ‘ఏపీ ఫామ్స్’ ప్రాజెక్టులో రైతులే తమ బోర్ల నీటిమట్టం కొలుచుకుని, లెక్క కట్టి, ఆ లెక్క చూసుకుని రబీకి ఏ పంట వేయాలో మాట్లాడుకున్నారు. అమెరికాలో 1997 ఫోర్ట్ కాలిన్స్ వరద తర్వాత మొదలైన కోకోరాస్ అనే కార్యక్రమంలో మామూలు జనం పెరట్లో వానమాపకం పెట్టి పంపే లెక్కలను అక్కడి వాతావరణ శాఖే వాడుకుంటోంది. మన మూడో ఏడు సివిల్ కుర్రాడు ఆ రైతుల కంటే తక్కువవాడేం కాదు. తక్కువవాడే అయితే తప్పు కాలేజీది, ఆ సంగతీ బయటపడనీయండి.

ఎండ సంగతేమిటంటారు. రామగుండం, గోదావరిఖని ఎండను తక్కువ చేసి మాట్లాడేవాడికి వడదెబ్బే సమాధానం చెబుతుంది. కానీ బావి మట్టం చూడటానికి మిట్టమధ్యాహ్నం కావాలా? మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీ ఎక్కే వేళకు మొదలుపెడితే ఎండ ముదిరేలోగా నాలుగు బావులు అయిపోతాయి. బాయిలోకి దిగడం ప్రమాదం కదా అంటే, దిగమన్నదెవరు? నీళ్లే పంపుల్లో పైకి వస్తున్నాయి. గట్టిగా నిలిచే అభ్యంతరం ఒక్కటే: ఇంటర్న్‌షిప్ ఆరు వారాల్లో ఏం తేలుతుంది? ఏమీ తేలదు, నిజమే. ఒక కుర్రాడి ఆరు వారాలు చెత్తబుట్టకే. అవే బావులు, అదే నాచ్, అదే రిజిస్టరు పదేళ్లపాటు బ్యాచ్ తర్వాత బ్యాచ్ చేతులు మారితే మాత్రం ఏ కన్సల్టెంటూ వారంలో కొనిపెట్టలేని వరుస తయారవుతుంది. పాత రిపోర్టు వారసత్వంగా ఇచ్చే అలవాటు ఎలాగూ ఉంది. దాని బదులు రిజిస్టరు ఇవ్వమనడమే నేను అడుగుతున్నది.

ఇంతకీ కుర్రాడికే ఇష్టం లేకపోతే? ఉండకపోవచ్చు. అతని కన్ను హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ మీద ఉంది, సర్టిఫికెట్ రెజ్యూమెలో ఒక లైను కోసం. వెళ్లనివ్వండి. మాదాపూర్ హాస్టల్లో నల్లా తిప్పితే పడే నీళ్లలో ఎల్లంపల్లి దగ్గర తోడిన గోదావరి వాటా ఉండనే ఉంటుంది, తప్పించుకుని పోయేదెక్కడికి? కాబట్టి అయ్యా, అమ్మా, సంతకాలు పెట్టే సార్లూ, వచ్చే మే నెల ఉత్తరం పట్టుకుని వచ్చినవాడికి ఒక టేపు, ఒక బావి, నిరుటి పిల్లలు రాసిన రిజిస్టరు చేతిలో పెట్టండి. సర్టిఫికెట్ అడిగిన రోజున ముందు ఆ రిజిస్టరు తెరిచి చూసి, ఆ తర్వాతే పెన్ను మూత తీయండి.