వేయని రోడ్డుకు సుంకం

వేసిన రోడ్డు మీద సుంకం వసూలు చేసేవాళ్లు లోకమంతా ఉన్నారు. వేయని రోడ్డుకు సుంకంగా ఏకంగా పక్క దేశాన్నే అడగడం మాత్రం గ్వాటెమాలా పాలకులకే చెల్లింది.

ఆ పక్క దేశం బెలీజ్. 1973 దాకా దాని పేరు బ్రిటిష్ హోండురాస్. అక్కడ కలప కొట్టుకోవడానికి ఇంగ్లీషువాళ్లకు స్పెయిన్ 1786లో సిబున్ నది దాకా అనుమతిచ్చింది. నేల మాత్రం తనదేనంది. దొరలకు కలప రుచి తగిలాక నది అడ్డేముంది? ఆఫ్రికా బానిసల చేత మహాగని నరికిస్తూ దక్షిణాన సార్‌స్టూన్ నది దాకా దిగి, 1862లో తీరిగ్గా అదంతా తమ వలస రాజ్యమని ప్రకటించుకున్నారు.

అంతకు మూడేళ్ల ముందే గ్వాటెమాలా ఆ సరిహద్దుల్ని ఒప్పుకుంటూ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం మీద సంతకం చేసింది. ఆ ఒప్పందం ఏడో అధికరణం ప్రకారం తీరం నుంచి గ్వాటెమాలా రాజధానికి బాట వేయడానికి ఇద్దరూ కలిసి పాటుపడాలి. ఎవరూ పాటుపడలేదు, బాటా పడలేదు. ఎనిమిది దశాబ్దాల తర్వాత గ్వాటెమాలాకు ఒళ్లు మండింది: బాట లేదు గనుక ఒప్పందం లేదు, ఒప్పందం లేదు గనుక స్పెయిన్ వారసులుగా ఆ ఆస్తి మాది! 1945లో బెలీజ్ తనదేనని ఏకంగా రాజ్యాంగంలోనే రాసుకుంది. రోడ్డు వేయని పాపానికి రాజ్యం వదులుకోవాల్సి వస్తే భూమ్మీద ఒక్క ప్రభుత్వమైనా మిగులుతుందా?

1981లో బెలీజ్ స్వతంత్రమైంది. ఎదురుగా ఉన్న దేశం గ్వాటెమాలా కంటికి ఆనడానికి మరో పదేళ్లు పట్టింది. 2018, 2019ల్లో రెండు దేశాలూ ప్రజాభిప్రాయం అడిగి, తగాదాను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి మోసుకెళ్లాయి. ఇంతలో అసలు హోండురాస్ కూడా ‘సపొడిల్లా దీవులు మావి’ అంటుంటే, బెలీజ్ 2022లో దాని మీదా దావా వేసింది.

ఈ తమాషాలో ఎవరి చేతిలో చూసినా దొరల కాగితమే. గ్వాటెమాలాది స్పెయిన్ రాజు ఆస్తికి వారసత్వం. బెలీజ్‌కు పెద్ద ఆధారం బ్రిటిష్ రాణి పేరిట పడిన సంతకం. ఈ రాజులూ రాణులూ పుట్టక వందల ఏళ్ల ముందే కారకోల్ లాంటి మహానగరం కట్టిన మాయా జనం హక్కు ఊసు ఈ ఒప్పందాల్లో లేదు.

ఆ మాయాల వారసులు టొలెడో జిల్లాలో ‘మా పొలాలు మావే’ అన్నప్పుడు, పెద్ద పొరుగువాడి దౌర్జన్యం గురించి లోకమంతా మొరపెట్టుకున్న బెలీజ్ ప్రభుత్వమే ఏళ్ల తరబడి కోర్టుల్లో వాళ్లతో పోరాడింది. చివరికి 2015లో కరీబియన్ న్యాయస్థానం మాయాల సంప్రదాయ భూహక్కును ఖాయం చేసింది. గ్వాటెమాలా మాత్రం తక్కువ తిన్నదా? తన జనాభాలో అంతమంది మాయాలుండగా, హక్కు వెతుక్కోవడానికి స్పెయిన్ రాజు పెట్టె తెరిచింది.

హేగ్‌లో గీత ఎటు జరిగినా దానికి రెండు పక్కలా దున్నుతున్నది మాయాలే. న్యాయం కావాలంటున్న ఈ రెండు ప్రభుత్వాలూ ముందు తమ ఇళ్లలోని కౌలు లెక్క తేల్చి, ఆ తర్వాత హేగ్ విమానం ఎక్కితే మర్యాదగా ఉంటుంది.