వెలి గిట్టుబాటు

నల్లజాతివాళ్లపై చాటుగా అన్న మాటలు టేపుకెక్కినందుకు 2014లో క్లిప్పర్స్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్‌ను అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జీవితాంతం వెలేసింది. జరిమానా 25 లక్షల డాలర్లు!

పాపం, 1981లో కోటీ పాతిక లక్షలకు కొన్న జట్టు 200 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆదోని యార్డులో పత్తి బోరేల మీద కూర్చుని ఇది విన్న రైతు: "అట్లయితే నన్నూ వెలెయ్యమనప్పా!"

పక్కనున్న ఎమ్మిగనూరు నేతన్న: "నీ నోటికి అంత రేటు యాడిదిలే మామా!"

మన ఐపీఎల్‌లో ఈ బాధ లేదు. సన్‌రైజర్స్‌లో తనను రంగు పేరుతో పిలిచారని వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ 2020లో వాపోతే, ప్రేమకొద్దీ అన్నదేనని సర్దిచెప్పారు. 2012లో డెక్కన్ చార్జర్స్ జట్టు ఊడింది మాత్రం 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వలేని దగ్గర. అక్కడ ప్రేమ చెల్లదు.