అనంతపురానికి చలికాలపు చీర

అనంతపురంలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ మేఘానికి మనసైతే. ఇక్కడ కాలాలెన్ని అని వేరుశనగ రైతునడిగితే ఎండాకాలం, వాన కోసం చూసే కాలం అని రెండే చెబుతాడు. అలాంటి నేలకు ఇప్పుడు సెల్‌ఫోన్లో ఒకేసారి నాలుగు ఋతువులు దిగాయి. ఫొటో పెడితే చాలు. మీది వసంతమా, గ్రీష్మమా, శరత్తా, చలికాలమా తేల్చేసి, ఏ రంగు నప్పుతుందో, ఏది కడితే వయసు బయటపడుతుందో ఫీజు పుచ్చుకునే రంగుల సలహాదారు చెప్పేస్తాడు.

ఈ ఋతువుల రంగుల శాస్త్రాన్ని ఇంటింటికీ చేర్చింది 1980లో అమెరికాలో వచ్చిన కరోల్ జాక్సన్ పుస్తకం 'కలర్ మీ బ్యూటిఫుల్'. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. దాని లెక్కన ఆసియా, ఆఫ్రికా మూలాల జనంలో అత్యధికులు 'వింటర్' మనుషులు. అంటే మే నెల మిట్టమధ్యాహ్నం కళ్యాణదుర్గం బస్టాండులో చెమటలు కక్కుతున్నవాళ్లంతా చలికాలం సంతతే! తెల్లవాళ్ల జుట్టు వన్నెలూ కంటి వన్నెలూ చూసి నాలుగు గదులు కట్టినవాళ్లు, మిగతా ప్రపంచాన్ని చాలావరకు ఒకే గదిలోకి తోశారు.

మన సొంత శాస్త్రం ఇంతకన్నా మొరటు. నల్లగా ఉన్న పిల్లకు ముదురు రంగు వద్దు, ఇంకా నల్లగా కనబడుతుంది. నలభై దాటినావిడకు ముదురు రంగు వద్దు, నలుగురూ నవ్వుతారు. రెండు సూత్రాలూ కలిపితే చామనఛాయ ఆడమనిషి పుట్టింది మొదలు పోయేదాకా లేత గోధుమరంగులోనే బతకాలి. మగవాళ్లకు ఈ బాధ లేదు. ఒంటిరంగు ఏదైనా, వయసు ఇరవై అయినా ఎనభై అయినా, తెల్లపంచె తెల్లచొక్కా వేసుకుని ఊరి మధ్య నిలబడొచ్చు.

నల్లగా కనబడతామన్న ఈ భయం మీదే ఒక క్రీము బతికింది. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ', పేరులోంచి ఆ 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టుకోవడానికి 2020 దాకా ఆగింది.

పోనీ, శాస్త్రమే మాట్లాడనీ. వయసు పెరిగేకొద్దీ చర్మానికీ, కనుబొమలకూ, పెదాలకూ మధ్య రంగు తేడా తగ్గుతుంది. జుట్టూ నెరుస్తుంది. ముఖమే వెలిసిపోతున్నప్పుడు, దానికింద చీర కూడా వెలిసిపోయిందే కట్టమనడం ఏం వైద్యం?

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్లోని ఆడవాళ్లు 16వ శతాబ్దం నుంచీ చారలూ పూలూ నిండిన చీరల్లోనే ఉన్నారు. ఇన్నేళ్లొచ్చాయి, ఇక లేత రంగులకు మారండమ్మా అని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. పైగా ఆ అంచుల నమూనాలే నేటి పట్టుచీరల మీదికి దిగుతున్నాయి.

చీరలు కొని పండిన అవ్వలు రంగును అంగడి లైట్ల కింద నమ్మరు. చీరను వాకిట్లోకి తెచ్చి, ఎండలో విప్పి, భుజాన వేసుకుని చూస్తారు. ఫోన్ కెమెరా ముందు కూర్చున్న మనవరాలికి ఈ పరీక్ష మోటుగా తోస్తుంది. ఏ లైటు కింద తీసిన ఫొటో అని మాత్రం ఆ సలహాదారు అడగనే అడగడు.

అతనికి ధర్మవరం మగ్గం దగ్గర అసలు చిక్కుంది. అక్కడి జోడురంగు పట్టులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. కట్టుకున్నావిడ కూర్చుంటే ఒకటి మెరుస్తుంది, లేచి నడిస్తే రెండోది. కూర్చున్నప్పుడు వసంతం, లేచినప్పుడు శరత్తు అని తేలితే ఫీజు ఒక ఋతువుకు తీసుకుంటాడో, రెండింటికీ కలిపి గుంజుతాడో ముందే అడిగి పెట్టుకోవాలి.