తుప్పు పట్టనిదాన్ని

నాకు తుప్పు పట్టదు. నన్ను చేయించుకున్నవాళ్లకు అదే అలుసైపోయింది.

ప్రొద్దుటూరులో ఒక మిద్దె మీది గదిలో, ఖాళీ చీనీకాయల పెట్టెల పక్కన గోడకు ఆనించి ఉన్నాను. నేను టైటానియం గ్రావెల్ సైకిల్‌ని. దుమ్ము తుడిస్తే ఈనాటికీ ఒళ్లు మెరుస్తుంది. చూసినవాళ్లు "బాగానే ఉంది లేప్పా, దానికేం కాదు" అని తలుపేసుకుని పోతారు.

నా లోహం తెలుగువాళ్లకు పరాయిదేమీ కాదు. భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైట్ నుంచి టైటానియం తీయవచ్చు. హైదరాబాదులోని మిధాని రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది. నా గొట్టాల్లో 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిసి ఉన్నాయి. విమానాల హైడ్రాలిక్ గొట్టాలకు వాడే మిశ్రమమే ఇది. కాలి ఎర్రబడినప్పుడు గాలి సోకితే పెళుసవుతుందని ఆర్గాన్ వాయువు కప్పి అతికారు. నా పుట్టుక గురించి ఈమాత్రం చాలు.

చెప్పుకోవలసింది కొలతల గురించి. నన్ను చేయించుకున్న మావాడి కాలి పొడవు, చేతి పొడవు, భుజాల వెడల్పు, నడుము ఎంతవరకు వంగుతుందో, అన్నీ రాసుకుని నన్ను కట్టారు. ఇంకొకరు ఎక్కితే చేతులు అందవు, లేదా మోకాళ్లు పట్టేస్తాయి. భూమ్మీద ఒక్క మనిషి కోసం పుట్టాను నేను.

వచ్చిన కొత్తలో బంగారం అంగళ్ల వీధిలో నన్ను ఆపి, ఒంటిచేత్తో ఎత్తి చూసేవాళ్లు. అల్యూమినియం అనుకుని "సిల్వరా అబ్బీ ఇది?" అని అడిగేవాళ్లు. నా లోహం ఉక్కు బరువులో సగానికి కాస్త ఎక్కువే ఉంటుందంటే ఆశ్చర్యపోయేవాళ్లు. అప్పుడు ఎంత గర్వపడ్డానో!

తెల్లారకముందే జమ్మలమడుగు దారి పట్టేవాళ్లం. తారు రోడ్డు వదిలి శనగచేల మధ్య బండ్లబాటలోకి దిగితే నా పని మొదలయ్యేది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వాటిలో తక్కువ గాలి. నాపరాతి గనుల దగ్గర పరుచుకున్న రాతిముక్కల మీద కూడా ఆ అదురు చాలావరకు నేనే మింగి మావాడి చేతులకు కొంచెమే పంపేదాన్ని. పల్లేరుకాయ గుచ్చుకుంటే టైరులోని ద్రవం పైకి వచ్చి గడ్డకట్టి చిల్లు మూసేది. ఒకసారి వాన వెలిసిన రేగడిలో దిగాం. నల్లమట్టి చక్రానికీ ఫోర్కుకూ మధ్య కూరుకుపోయి అడుగు కదల్లేదు. మావాడు తుమ్మపుల్ల విరిచి, గొంతుక్కూర్చుని, మట్టి పెళ్లలు పెళ్లలుగా గీకాడు. వేలికి ముల్లు దిగి నెత్తురొచ్చింది. చొక్కా కొసతో ముందు నా గొలుసు తుడిచి, ఆ తర్వాతే వేలు చూసుకున్నాడు.

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే గండికోట. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే ఆ లోయ అంచున కాసేపు నిలబడి, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల చేరేవాళ్లం. ఎదురుగాలి, నెత్తిన ఎండ. చీనీతోటల దగ్గర బోరునీళ్లు పట్టుకుని మళ్లీ కదిలేవాళ్లం.

ఇదంతా పారిస్–బ్రెస్ట్–పారిస్ కోసం. 1891లో మొదలైన ఆ సైకిల్ సవారీలో 1200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కాలి. దానికి పోవాలంటే ముందు ఇక్కడ 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు గడువులోగా పూర్తిచేయాలి. 2023 ఆగస్టులో ఆ సవారీకి రాంబుయే ఊరి నుంచి వేలమంది బయలుదేరిన రోజున నేను ఈ గదిలోనే ఉన్నాను. మావాడికి బెంగళూరులో కొత్త ఉద్యోగం వచ్చింది. "వచ్చేవారం వస్తా" అన్నాడు.

నాకేం కాదన్న మాట వింటే కడుపు మండుతుంది. తుప్పు పట్టనిది నా చట్రం ఒక్కటే. గొలుసు ఎర్రబారింది. కడప ఎండలకు ఆ గది పెనంలా కాలుతుంటే టైరులో ద్రవం ఎండి పొరగట్టింది, రబ్బరు పగుళ్లిచ్చింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ సీటు కింది అల్యూమినియం గొట్టం. దాన్ని ఏడాదికొకసారైనా బయటికి లాగి, గ్రీజు పూసి, మళ్లీ దించాలి. చెమట, తేమ చేరితే అల్యూమినియం పొరబారి నా గొట్టంలోనే బిగుసుకుపోతుంది. ఇప్పుడు అదే జరిగింది. ఐదు నిమిషాల పని, ఎవరూ చేయలేదు.

మొన్న పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. నా గొట్టానికి అయస్కాంతం పెట్టాడు, అంటుకోలేదు. "ఇనుము కాదు, సిల్వర్ లెక్కన తీసుకుంటామ్మా" అన్నాడు. గురివింద ఎత్తు బంగారానికి కూడా తూకం చూసే ఊళ్లో నాకు కట్టిన ఖరీదది. మావాడి తల్లి ఒప్పుకోలేదు. "మా అబ్బి వచ్చినాక చూస్తాం, పో నాయనా" అంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

మావాడు వస్తే నన్ను ముందు సైకిల్ అంగడికి తీసుకుపోవాలి. ఆ గొట్టాన్ని సుత్తితో కొట్టనివ్వకూడదు. సందులో నూనె పోసి నానబెట్టి, ఓపిగ్గా మెలితిప్పాలి. ఊడకపోతే లోపలి నుంచి కోసి తీయాలి, నా గోడకు గాటు పడకుండా. గొలుసు, టైర్లు కొత్తవి వేయాలి. ఇంకెవరికైనా ఇచ్చేస్తే వాళ్ల ఒంటికి నేను సరిపోను. పారిస్–బ్రెస్ట్–పారిస్ మళ్లీ 2027లో ఉంది. శనగ కోతలయ్యాక రేగడి బాటలు గట్టిపడతాయి, తొక్కడం అప్పుడే మొదలుపెట్టాలి.