నా మీద కూర్చుని చెప్పిన మాటలు

నేను బల్లని. చిలకలూరిపేట నుంచి పర్చూరు మీదుగా చీరాల పోయే రోడ్డు పక్క ఊళ్లో, విత్తనాలూ ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు అరుగు మీద నలభై ఏళ్లు పైబడి ఉన్నాను. అంగుళం కదలకుండానే ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాకి మారాను. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చినప్పటి మాట అది. నల్లతుమ్మ చెక్క, ఊరి వడ్రంగి పని. నా పుట్టుక గురించి అంతకుమించి చెప్పుకోదగిందేమీ లేదు, ఒక కాలు పొట్టిదన్న సంగతి తప్ప. దాని కింద పెంకుముక్క పెట్టేవారు. పెంకు జారిందంటే, నా మీద కూర్చున్నవాడు ఆవేశంగా మాట్లాడినప్పుడల్లా ఆ కాలు టకటకా కొట్టుకునేది. లోపల గల్లాపెట్టె దగ్గరున్న షావుకారు ఆ చప్పుడు విని, ఎవరి చేను పోయిందో, ఏ మందు పని చెయ్యలేదో, రేపు ఎవరు అప్పు కట్టరో అంచనా కట్టేవాడు. కంపెనీలు ఇప్పుడు లక్షలు పోసి తెలుసుకుంటున్న విషయాన్ని మా షావుకారు పెంకుముక్కతో తెలుసుకున్నాడు.

రైతుల మాటలు వినడానికి బయటివాళ్లు కూడా వచ్చేవారు. భుజాన బ్యాగు, చేతిలో డైరీ, ఇస్త్రీ చొక్కా. ఊళ్లో వాళ్లకి కంపెనీ అబ్బాయి అనే తప్ప పేరు తెలిసేది కాదు. వచ్చీరాగానే అందరికీ సోడాలో టీలో చెప్పి, నా మీద ఓ మూల సర్దుకుని, "ఎలా ఉంది బాబాయ్ ఈ ఏడు?" అని మొదలుపెట్టేవాడు.

1980ల తొలినాళ్లలో ఈ నల్లరేగడంతా పత్తే. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు అప్పుడప్పుడే దిగాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ అన్న పేర్లు సంతకం రాని ముసలాళ్లు కూడా ముద్దుగా పలికేవారు. పొద్దున కొడితే సాయంత్రానికి పురుగు రాలిపోయేది మరి. కొన్నేళ్లకి మాట మారింది. ఒక పెద్దాయన చుట్ట ఆర్పి, నా అంచుకి నొక్కి (ఆ మచ్చ ఇప్పటికీ ఉంది), "ఇది కొట్టినకాడల్లా తెల్లదోమ లేస్తోందయ్యా. మా అన్న చేలో కొట్టలా, అక్కడ ఇంత లేదు" అన్నాడు. పురుగుని తినే పురుగుల్ని కూడా ఆ మందు చంపేస్తుందనీ, అప్పుడు దోమకి అడ్డే ఉండదనీ శాస్త్రవేత్తలు చెప్పిన మాటే అది. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు, రెండు చేలు చూశాడు. కంపెనీ అబ్బాయి శ్రద్ధగా తలాడించి డైరీ నా మీదే పెట్టి రాసుకున్నాడు. "ఈ ప్రాంతంలో తెల్లదోమ మందుకి మంచి గిరాకీ ఉంది."

ఫిర్యాదు డైరీకెక్కేసరికి గిరాకీ అయిపోయింది. అక్షరాలు నా చెక్క మీద అచ్చు పడ్డాయేమో అన్నంత గట్టిగా ఒత్తి రాశాడు.

1987-88లో ఏం జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెల్లదోమ, దాని వెనకే పచ్చపురుగు. ఎన్నిసార్లు కొట్టినా చావని పురుగు, ఎన్నిసార్లు కట్టినా తీరని వడ్డీ. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్త దేశమంతటా పాకింది. నా మీద ఎడమ చివర రోజూ కూర్చునే మనిషి ఆ ఏడు రావడం మానేశాడు. చాలా నెలలు ఆ చోట ఎవరూ కూర్చోలేదు. కంపెనీ అబ్బాయిలూ ఆ సీజన్‌లో అటు తొంగి చూడలేదు. గిట్టుబాటయ్యే మాటలు ఉన్నప్పుడే వినడానికి వస్తారని నాకప్పుడు తెలిసింది. తర్వాత గుంటూరు పక్కన లాం పరిశోధన ఫారం వాళ్లు తెల్లదోమని తట్టుకునే కాంచన పత్తి రకం తెచ్చారు. అది మందు అమ్మేవాళ్ల డైరీలోంచి పుట్టింది కాదు.

అలాగని నా మీద చెప్పిన ప్రతి మాటా సత్యమని నేననను. నేనున్న చోటు చూడండి, కొట్టు ముందు. కూర్చున్నవాళ్లలో సగానికి పైగా ఆ కొట్టుకి బాకీ. విత్తనం అప్పు, మందు అప్పు, పంటొచ్చాక చెల్లు. బాకీ ఉన్నవాడు బాకీ ఇచ్చినవాడి గుమ్మంలో కూర్చుని "నీ విత్తనం మొలవలేదు" అనగలడా? "ఏదోలే, పర్లేదు, వానలు పడితే తేరుకుంటుంది" అంటాడు. అబ్బాయి "రైతు సంతృప్తి" అని రాసుకుంటాడు. షట్టరు దించి షావుకారు భోజనానికి వెళ్లాక అదే మనిషి అదే చోట కూర్చుని మాట్లాడే మాటలు వేరు. వాటిని అచ్చేయడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇరవై ఎకరాల ఆసామి నా నడిమధ్య కాళ్లు చాపుకు కూర్చుని ఊరందరి తరఫునా తీర్పు చెప్పేవాడు. కౌలు రైతు కొసన ఆని ఆననట్టు కూర్చునేవాడు, ఎవరైనా వస్తే లేచి నిలబడేవాడు. ఇక పత్తి తీసే ఆడవాళ్లు, మిరపకాయలు కోసే ఆడవాళ్లు నా మీద కూర్చోనే లేదు. కూలిడబ్బుల కోసం వచ్చి మెట్టు కింద నిలబడి వెళ్లిపోయేవాళ్లు. ఏ రకం పత్తి గుల్లలోంచి ఒక్క లాగుకి వస్తుందో, ఏది వేళ్లు గీరుతుందో చెప్పగలిగింది వాళ్లే. తర్వాత తర్వాత విత్తన ప్యాకెట్ల మీద "తీత సులువు" అని అచ్చేయడం మొదలెట్టారు. ఎవర్నడిగి వేశారో నాకైతే తెలియదు, మెట్టు దిగి అడగడం మాత్రం నేను చూడలేదు.

2002 మార్చిలో, కాయతొలిచే పురుగుని తట్టుకునే బీటీ పత్తికి కేంద్రం అనుమతిచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1600 రూపాయల పైమాటే. తిట్టుకుంటూనే కొన్నారు. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల మీద ఫిర్యాదులు వినే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి పోట్లాడితే 2006లో అది 750కి దిగింది. ఆ రోజు నా మీద జరిగిన సందడి పెళ్లిలో కూడా ఉండదు. అయితే నాకు బాగా గుర్తున్నది ధర కాదు. పెద్ద ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్టు ఇంకోటి ఇచ్చేవారు. అది బీటీ కాని మామూలు పత్తి. చేను చుట్టూ వరసలుగా వెయ్యాలి. అక్కడ పెరిగిన పురుగులు, బీటీకి అలవాటుపడ్డ పురుగులతో కలిసి సంతానం కంటే ఆ తట్టుకునే గుణం ముదరకుండా ఉంటుందని లెక్క. మంచి లెక్కే. రైతు లెక్క వేరు. "కౌలు కట్టి పురుగుల్ని మేపమంటావా?" అని ఒకాయన చిన్న ప్యాకెట్టుని నా కిందకి గిరాటేశాడు. ఆయన్ని చూసి పక్కాయన. తొలకరి అయ్యేసరికి నా కింద అవి కుప్పపడి, చినుకులకి అక్కడే కొన్ని మొలకెత్తేవి కూడా.

సర్వే వాళ్లు అప్పుడూ వచ్చారు. "ప్యాకెట్టు మీద బొమ్మ నచ్చిందా? పేరు గుర్తుంటోందా? టీవీలో ప్రకటన చూశారా?" కాస్త వంగి నా కిందకి చూసినవాడు ఒక్కడూ లేడు. తర్వాత గుజరాత్‌లో గులాబీ పురుగు బీటీని తట్టుకుందన్నారు, కొన్నేళ్లకి మన చేలల్లోనూ కాయలు పుచ్చాయి. చిన్న ప్యాకెట్టు వెయ్యకపోవడం ఒక్కటే కారణమని కాదు, అందులో దానికీ పాలుంది.

నా జీవితంలో నాకు నచ్చిన శ్రోత ఒకే ఒక్క పిల్ల. ఊరి రైతు కూతురు, గుంటూరులో ఎంబీఏ. ప్రాజెక్టు పని మీద వచ్చి, మెట్టు కింద నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరికి తనే దిగి వెళ్లింది. నాన్నకి విడమరచి చెబుతుంటే విన్నాను. రాబర్ట్ కోజినెట్స్ అనే ఆయన బీటీ వచ్చిన ఆ 2002లోనే ఒక వ్యాసం రాశాడట. కాఫీ పిచ్చోళ్లు ఇంటర్నెట్టులో ఒకచోట చేరి గింజల గురించీ వేపుడు గురించీ చెప్పుకునే కబుర్లు చదివి, కొనేవాళ్ల మనసు తెలుసుకునే పద్ధతి అది. నెట్‌నోగ్రఫీ అని పేరు. "అడిగితే చెప్పేదానికంటే అడక్కుండా చెప్పుకునేది విలువైంది నాన్నా" అంది. నేను ఉబ్బిపోయాను. నలభై ఏళ్లుగా నా మీద జరుగుతోంది అదే కదా! దానికి షరతులు కూడా ఉన్నాయట. వినేవాడు తానెవరో ముందే చెప్పాలి. మాట్లాడినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు. రాసింది మళ్లీ వాళ్లకే చూపించి సరేనా అని అడగాలి. ఆ మూడోది విని నా పొట్టికాలు దానంతటదే టక్కుమంది. ఆ "గిరాకీ ఉంది" అన్న ముక్క పెద్దాయనకి చదివి వినిపించి ఉంటే డైరీ ఏమయ్యేదో!

ఆ పిల్లే ఇంకోటి చెప్పింది. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికా ఆయన వరంగల్ పల్లెల్లో ఏళ్లతరబడి తిరిగి 2007లో రాశాడట. ఒక ఊళ్లో ఒక ఏడు అందరూ ఒకే విత్తనం కోసం ఎగబడతారు, మరుసటేడు దాని పేరెత్తరు, అందులో సొంతంగా వేసి చూసి తెలుసుకున్నది తక్కువ, పక్కవాణ్ణి చూసి వేసింది ఎక్కువ అని. నిజమే. నా మీద ఎక్కువసార్లు వినబడ్డ మాట "అట". ఫలానాది బాగా కాసిందట. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. ఒక పేరు పదిమంది నోట నానిందంటే అది మంచిదని కాదు, పదిమంది నోట నానిందనే.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. నా పతనం అక్కణ్నుంచి. మొదట ఫోన్లు పట్టుకుని నా మీదే కూర్చున్నారు, పక్కపక్కనే ఉండి మాట్లాడుకోకుండా. తర్వాత ఇంటి దగ్గరే కూర్చున్నారు. మిర్చి రైతుల గ్రూపు, పత్తి రైతుల గ్రూపు, ఊరి గ్రూపు, కొట్టు గ్రూపు. తేజ రకం మిర్చి ఎంత పలికింది, యార్డులో టిక్కీలు (బస్తాలు) ఎన్ని దిగాయి, అన్నీ అందులోనే. కంపెనీ అబ్బాయి కూడా ఎండలో రావడం మానేసి గ్రూపుల్లో చేరాడు. ఓసారి కొట్టుకొచ్చి షావుకారు కొడుకుతో గొప్పగా చెప్పాడు. ఇప్పుడు కంప్యూటరే అన్ని మెసేజీలూ చదివి మెచ్చుకోళ్లెన్నో తిట్లెన్నో లెక్కగట్టి ఇస్తుందట. ఫోన్‌లో ఒకటి చూపించి, "చూడండి, మీ ఊరాయనే" అన్నాడు. "సూపర్ విత్తనం తమ్ముడూ. చేనంతా ఆకే. కూర వండుకుంటున్నాం", పక్కన చప్పట్ల బొమ్మలు మూడు. యంత్రం దాన్ని మెచ్చుకోలు కింద వేసింది. ఈ మాటే నా మీద కూర్చుని అని ఉంటే, పెదవి ఏ పక్కకి వంగిందో అవతలి చివరనున్నవాడికి కూడా తెలిసేది. తెలుగువాడు కోపమొస్తే తిట్టడు, ముందు పొగుడుతాడు. ఆ సంగతి యంత్రానికి ఎవరు చెబుతారు?

2021లో మిరప పూలల్లోకి నల్ల తామర పురుగు దిగింది. పై ముడత వస్తే తామరపురుగు, కింద ముడత వస్తే నల్లి అని చూడగానే చెప్పగలిగిన రైతులు కూడా దాన్ని చూసి తెల్లబోయారు, అది పరాయి దేశపు జాతి. పువ్వులోనే చేరి పిందె కట్టనివ్వలేదు. కొందరు తోటలు పీకేశారు. గ్రూపులో ఒకాయన పువ్వు విడదీసి ఫొటో పెడితే దాని కింద పదిమంది పది మందుల పేర్లు పెట్టారు. అందులో ఎవరు రైతో, ఎవరు రైతు ముసుగేసుకున్న అమ్మకందారో పోల్చుకునే వీల్లేదు. నా మీదైతే కనీసం ఇస్త్రీ చొక్కా పట్టిచ్చేది. ఫొటో పెట్టినాయన అడిగింది "ఇదేం పురుగు?" అని. ఊరూపేరూ లేని బయో మందు సీసాలు వారంలో కొట్టు నిండా దిగాయి. డైరీ పోయి ఫోన్ వచ్చింది, రాసే రాత మాత్రం పాతదే.

ఆ మరుసటేడు కొట్టుకి టైల్సు వేయించారు. గాజు తలుపు, ఏసీ, ముందు వరసగా స్టీలు కుర్చీలు. ఆ కుర్చీలు ఒకదానికొకటి అతికే ఉంటాయి, కూర్చున్నవాళ్లే అతకరు. నన్ను వెనక గోడౌన్‌లో పడేసి నా మీద మందు అట్టపెట్టెలు పేర్చారు. ఎందులోనో మూత వదులై బొట్టు బొట్టుగా నా మీద కారింది. ఆ వాసన ఇంకా వదల్లేదు. నాకు చెద పట్టలేదంటే ఆ పుణ్యమే! కిందటి పెద్ద వానకి నీళ్లొచ్చి పొట్టికాలు నాని ఊడింది. షావుకారు కొడుకు వచ్చి చూసి, "పొయ్యిలోకి కూడా పనికిరాదు, మందు వాసన కొడుతుంది" అన్నాడు. వాళ్ల నాన్న అయితే ఆ కాలు ఎవరి మాటకి ఎంత ఊగేదో చెప్పేవాడు. ఆయన ఇప్పుడు మంచం దిగడం లేదు.

చివరికి నన్ను అడిగి తీసుకెళ్లింది కొసన కూర్చునే ఆ కౌలు రైతు. ఊడిన కాలి చోట రెండు ఇటుకలు పెట్టి, మిరప కల్లం పక్కన వేపచెట్టు కింద వేశాడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేవేళ కోతకొచ్చిన ఆడవాళ్లు నా మీద కూర్చుంటున్నారు. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి.

"ఈ కొత్త రకం తొడిమ ఊడి రావట్లేదొదినా. గోళ్లు పోతున్నాయి. పొద్దుగూకులూ కోసినా గోనె నిండదు."

"కాయేమో ఇంత సన్నం. కిలో అవ్వాలంటే ఎన్నిసార్లు వంగాలి?"

"వచ్చే ఏడు ఇదే వేస్తే కిలోకి ఇంకో రూపాయి అంటే గానీ రామని మేస్త్రికి చెప్పెయ్."

"ఆకుపచ్చ ప్యాకెట్టుదే నయం, పోయినేడుది. చేత్తో తాకితే వచ్చేది."

కల్లం గట్టు దగ్గర బైకు ఆగింది. బ్యాగు, ఇస్త్రీ చొక్కా. బండి దిగకుండానే, ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "రైతు లేడామ్మా?" అన్నాడు. లేడన్నారు. బండి తిప్పుకుని పోయాడు.

"ఏంటంట?"

"రైతు కావాలంట."