గట్క తిన్న కాళ్లు

పొద్దున ఐదున్నర. కరీంనగర్ ఎస్సారార్ కాలేజీ గ్రౌండులో మూడో చుట్టు ఉరుకుతున్న పిల్లగాడు నడుము పట్టుకొని కూలబడ్డాడు. నేను రోజూ నడిచే చోటే. దగ్గరికి పోయి చెట్టు కింద కూర్చోబెట్టి నాలుగు గుక్కల నీళ్లు తాగించాను. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడట.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"పొద్దుగాల ఏం తినలే సార్. ఈ పొడి కలుపుకొని తాగిన."

"రాత్రి?"

"పదకొండున్నరకు నూడుల్స్."

సంచిలోంచి ప్రొటీన్ పొడి డబ్బా తీసి చూపించాడు. మీద కండలు తిరిగిన తెల్లోడి బొమ్మ. నెలకు నాలుగు వేలు పడుతుందట. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఎన్ని వేల బీడీలు చుడితే ఆ డబ్బా వస్తుందో వాడికి తెలుసు. నాకు కోపం ఆగలేదు. వాడి మీద కాదు. ఆ డబ్బా అంటగట్టినవాళ్ల మీద, తిండి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉరుకుడు మాత్రం నేర్పుతామని ఫీజు గుంజినవాళ్ల మీద.

నేను 33 ఏండ్లు డ్రిల్లు సారుగా పనిచేశాను. 1976లో ఉట్నూరు దిక్కు ఆశ్రమ పాఠశాలలో మొదలుపెట్టి, 2009లో కరీంనగర్‌లో దిగిపోయాను. కానిస్టేబుల్ పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. 2022 నోటిఫికేషన్‌లో పెట్టిన లెక్క ఇది. మా రోజుల్లో ఊళ్లో పదహారేండ్ల పిల్లగాణ్ని ఎవణ్ని నిలబెట్టినా ఈ దూరం ఉరికి, ఆ ఊపులోనే పోయి బర్లను తోలుకొచ్చేవాడు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. ఆ కాళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలని ఎత్తుకున్నాను.

మాది పెద్దపల్లి దగ్గరి ఊరు. తెల్లారకముందే నాయిన మోట కట్టేవాడు. ఎడ్ల వెంట ముందుకు, మళ్లీ వెనక్కి, పొద్దెక్కేదాకా అదే నడక. ఇంట్లో అవ్వ అప్పటికే ఇసుర్రాయి ముందు కాళ్లు చాపి కూర్చునేది. ఆ రాయి గురగుర చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. జొన్నలు కొంచెం తడిపి, రోట్లో దంచి, పొట్టు చెరిగి, ఇసిరి, జల్లెడ పట్టేది. కిందికి దిగిన పిండి రొట్టెకు, మీద మిగిలిన రవ్వ గట్కకు. ఎసరు తెర్లుతుంటే ఉప్పేసి, రవ్వ పోసుకుంటూ తెడ్డుతో కలిపేది. ఉడికి దగ్గరపడ్డాక కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద అట్లే మగ్గనిచ్చేది. పళ్లెంలో ముద్ద పెట్టి, నడుమ బొటనవేలితో గుంట చేసి, అందులో పుంటికూర పప్పు పోసేది. రాత్రి మిగిలిన గట్క పొద్దున సల్లలో పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగి బడికి పోయేవాళ్లం. బడి రెండు కోసుల దూరం. మధ్యాహ్నందాకా ఆకలి మాట లేదు.

చెయ్యడమూ తినడమూ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. అవ్వ భుజాలకు ఇసుర్రాయే కసరత్తు, నాయిన పిక్కలకు మోటే కసరత్తు. పని చెయ్యకపోతే ముద్ద లేదు, ముద్ద లేకపోతే పని లేదు. ఇప్పుడు ఆ రెంటినీ విడదీసి రెండు దుకాణాల్లో అమ్ముతున్నారు. నాకున్న బాధ అదే.

ఉట్నూరు పోయినప్పుడు నాకు ఇరవై ఐదేండ్లు. పిల్లలకు పరుగు నేర్పుదామని పోయాను. గోండు పిల్లలు వాగులు దాటి, గుట్టలెక్కి, సెలవులకు ఇండ్లకు నడిచి పోయి నడిచి వచ్చేవాళ్లు. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లగాడితో పందెం పెట్టుకున్నాను. వాడికి చెప్పులు లేవు, నాకు బూట్లున్నాయి. సగం దూరంలోనే వాడి వీపు చూస్తూ ఉరకాల్సి వచ్చింది. ఆ సాయంత్రం వాళ్లింట్లో నాకు పెట్టింది మా అవ్వ పెట్టిన జొన్న గట్కే. పక్కన అడవి కూర, చివర్లో వేయించిన ఇప్పపువ్వు.

పుష్యమాసంలో గోండుల్లో మెస్రం వంశంవాళ్లు నాగోబా దేవుడి కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు గోదావరి జలం తేవడానికి పోతారు. చెప్పుల్లేకుండా, రోజుల తరబడి, ఆగిన చోట వండుకొని తింటూ. ముసలివాళ్లూ నడుస్తారు. దీపావళికి గుస్సాడీ ఆడేవాళ్లను చూడండి. నెమలీకల టోపీ తలమీద పెట్టుకొని గంటలు గంటలు ఎగురుతారు. మార్లవాయి కనకరాజు గారు ఆ ఆట ఎందరికో నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో పోయారు. ఆ ఆటకు కావలసిన దమ్ము ఏ డబ్బాలోంచి వచ్చిందని అడుగుతాను?

మా కాలమంతా బంగారమని మాత్రం అనను. అబద్ధమవుతుంది. జొన్న తప్ప ఇంకేమీ దొరకని ఇండ్లుండేవి. పప్పు లేదు, పాలు లేవు, కూరాకు కూడా ఎండాకాలంలో దొరికేది కాదు. అట్లాంటి ఇండ్లల్లో పెల్లాగ్రా వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద తోలు నల్లబడి పెచ్చులు లేచేది, కడుపు జారేది, ముదిరితే మతి తప్పేది. హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీని మీద పరిశోధన చేశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ, అది నియాసిన్‌కు అడ్డుపడుతుందని వాళ్లు చెప్పిన కారణం. మా వాడకట్టులో ఒక ముసలాయన మెడ అట్లా నల్లబడటం నేను కండ్లారా చూశాను. కాబట్టి గట్క ఒక్కటే తినమని ఎవరికీ చెప్పను. గుంటలో పోసిన పప్పు, పక్కనున్న సల్ల, గుప్పెడు పల్లీలు, అన్నీ కలిస్తేనే అది తిండి.

తర్వాత కాలం మారింది. పోచంపాడు నీళ్లు కాకతీయ కాలువలో వచ్చాయి. లోయర్ మానేరు డ్యాం 1985లో పూర్తయింది. జొన్నచేండ్లు వరిమడులైనయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పండుగనాడు మాత్రమే తెల్లన్నం చూసినవాళ్లం మూడు పూటలా తిన్నాం. ఆ బియ్యం పేదోడి కడుపు నింపింది, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ పని తగ్గింది, మోట పోయి మోటరొచ్చింది, పళ్లెంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. కూర చెంచాడు, అన్నం గంపెడు. ఇప్పుడు సాయంత్రమైతే కరీంనగర్ రోడ్ల పక్కన జొన్నరొట్టెలు కొట్టే ఆడవాళ్ల ముందు వరుస కడుతున్నారు. నిలబడ్డవాళ్లలో సగం మంది నాకు తెలిసినవాళ్లే, షుగరు పేషెంట్లు. షుగరొచ్చినాక తినే రొట్టె షుగరు రాకముందు ఎందుకు తినరు?

ఇక ఆ డబ్బా సంగతి. ఆ పిల్లగాడి బరువు 60 కిలోలు. పెద్దమనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన పోషకాహార సంస్థే లెక్క కట్టింది. వాడికి 50 గ్రాములు. ఉరుకుతాడు కాబట్టి ఇంకొంచెం వేసుకుందాం. 300 గ్రాముల జొన్నల్లో 30 దాకా వస్తాయి. 60 గ్రాముల కందిపప్పులో 13. గుప్పెడు పల్లీల్లో 7. రెండు కోడిగుడ్లలో 12. కూడితే 62. దీనికి నాలుగు వేలెందుకు? 2024 మేలో ఆ సంస్థ 17 సూత్రాల ఆహార మార్గదర్శకాలు ప్రకటించింది. కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని, ఎక్కువైతే మూత్రపిండాలకు, ఎముకలకు చేటని అందులో తేల్చి చెప్పారు. మన హైదరాబాద్‌లో కూర్చొని చెప్పిన మాట మన పిల్లల చెవిన పడలేదు, డబ్బా మీది బొమ్మ మాత్రం కండ్ల పడింది.

ఆడపిల్లల సంగతి ఇంకా కడుపు తరుక్కుపోయేది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తిని, తెల్లారి వచ్చి 800 మీటర్లు ఉరకమంటే ఎట్లా ఉరుకుతుంది? మన బతుకమ్మ సద్దులు చూడండి. నువ్వులు, పల్లీలు, పెసర్లు, బెల్లం, మలీద ముద్దలు. ఆడపిల్ల గంటసేపు వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ ఆడినాక, చెరువు గట్టున చేతిలో పెట్టేవి అవే. ఏడాదికి ఒకసారి పెట్టేదాన్ని రోజూ పెట్టండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు చేస్తున్నారు. 2025 మార్చిలో ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఆదిలాబాద్ ఇప్పపువ్వు వంటకాల మాట వచ్చింది. నా గోండు శిష్యుల ఇండ్లల్లో యాభై ఏండ్ల కింద నేను తిన్న ఇప్పపువ్వే అది. చూసి కండ్లు చెమర్చాయి.

ఎండల గురించి కూడా చెప్పాలి. మేలో రామగుండం, ఆదిలాబాద్ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతాయి. ఆ ఎండలో ఎనిమిది గంటలకు ఉరుకుడు మొదలుపెట్టేవాళ్లున్నారు, కడుపులో పట్టేస్తుందని నీళ్లు తాగకుండా. మా నాయిన చేనుకు పోతే కుండెడు అంబలి వెంట ఉండేది. పలచగా కాచి, పులిసినాక సల్ల, ఉప్పు కలిపి. చెమటలో పోయిన నీళ్లు, ఉప్పు రెండూ తిరిగి వచ్చేవి. రంగు డ్రింకు సీసా తాగేబదులు ఒక సీసా అంబలి పట్టుకొని రండి, సిగ్గుపడకండి.

ఆ పిల్లగాడు ఇప్పుడు నా దగ్గరికే వస్తున్నాడు. మొదటి వారం అసలు ఉరకనియ్యలేదు, నడిపించాను. పొద్దున రాగానే ఒక అరటిపండు, పోయేముందు ఉడికిన గుడాలు. డబ్బా అయిపోయింది, కొత్తది కొనలేదు. రాత్రి ఫోను వాళ్లమ్మ చేతికి ఇచ్చి పడుకొమ్మన్నాను. మూడు నెలలైంది. మొన్న ఆదివారం 1600 మీటర్లకు గడియారం పట్టాను. 6 నిమిషాల 52 సెకన్లు.

పొద్దున ఐదున్నరకు నేను గ్రౌండులోనే ఉంటాను. పైసా ఇయ్యనక్కర లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకొని, పల్లీలో గుడాలో జేబులో వేసుకొని రండి.